సీట్లు చూడ్డానికి వచ్చినావిడ

ఆఁ అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అదైనా నోరు సరిగ్గా తెరిచి అన్నాడా అంటే అదీ లేదు. పొద్దున లేస్తే పాతికమందిని నోరు పెద్దగా తెరవండి, ఇంకా తెరవండి అని బతిమాలే పళ్ళ డాక్టరు, తన నోరు మాత్రం సూదిలో దారం పట్టేంత తెరిచి ఆఁ అన్నాడు. పాత కార్ల షోరూం మేనేజరు అడిగింది పెద్ద చిక్కు ప్రశ్నేం కాదు. "ఆవిడ మీ దగ్గర పనిచేస్తారా సార్?" అని, అద్దం తలుపు తెరిచి పట్టుకుని, ఏదో ఒకటి మాట్లాడాలి గనక నవ్వుతూ అడిగాడు. కాదండీ, మా అక్క, అంటే సరిపోయేది. మూడంటే మూడు మాటలు. ఆ మూడు మాటలకి ఏ పన్ను అడ్డొచ్చిందో ఆ పళ్ళ డాక్టరుకే తెలియాలి. ఇప్పుడు ఈ మెత్తటి సోఫాలో మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేలా కూరుకుపోయి, ముందు తెల్ల కప్పులో కాఫీ, కప్పు కింద సాసరు, సాసరులో ఎవరూ తినని బుల్లి బిస్కట్టు, ఇవన్నీ పెట్టుకుని కూర్చున్నాడు దొరబాబు. అద్దం అవతల మెరిసే నేల మీద ఎర్ర బండి ఉంది, రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు, ఎవరో మహారాజు రెండేళ్ళు నడిపి మోజు తీరి వదిలేసింది. ఆ బండి పక్కన మోకాళ్ళ మీద అక్క.

విందా? వినలేదా? ఆ మాట అన్నప్పుడు ఆవిడ నాలుగడుగుల దూరంలో వంగి ముందు టైరు చూస్తోంది. ముప్పయ్యేళ్ళుగా కుట్టుమిషను మోతలో కూర్చుని కూర్చుని అక్కకి ఎడమ చెవి మందగించింది, ఇంట్లో అందరికీ తెలుసు, భోజనాల దగ్గర పిల్లలు ఆవిడకి కుడిపక్క చోటు కోసమే కొట్టుకుంటారు. మరి టైరు దగ్గర వంగినప్పుడు ఇటువైపు ఉన్నది ఏ చెవి? తలుపు ఇక్కడ, బండి అక్కడ, ఆవిడ మొహం బండి ముక్కు వైపు, అంటే ఇటు ఎడమ చెవే. ఆగాగు, సంచి ఎడమ చేతిలో కదా పట్టుకుంటుంది, వంగినప్పుడు ఆ సంచి ఇటు కనిపించలేదు, అంటే కుడి చెవి. బళ్ళో లెక్కల్లో ఎప్పుడూ ఫస్టే వచ్చిన డాక్టరు చూపుడు వేలితో సోఫా చేతి మీద బొమ్మ గీసుకుని మూడుసార్లు చూసుకున్నాడు. రెండుసార్లు ఎడమ వచ్చింది, ఒకసారి కుడి వచ్చింది. రెండు ఒకటి కంటే ఎక్కువే కదా అని కాస్త ఊపిరి పీల్చుకుని, మరుక్షణం తనెందుకు ఊపిరి పీల్చుకున్నాడో అర్థమై చెమట పట్టింది. అక్క చెవుడు తనకి కలిసిరావాలని మొక్కుకునే తమ్ముడు లోకంలో ఇంకొకడు ఉంటాడా? ఛీ, ఛీ. కాఫీ ఒక గుక్క తాగాడు. బాగుంది కాఫీ, అదొకటి. తనకి సాసరుతో సహా వచ్చింది, ఆవిడకి మాత్రం బయట కాగితం కప్పులో టీ పట్టుకెళ్ళి నేల మీద పెట్టారు, అది అక్కడే చల్లారిపోతోంది.

తప్పంతా ఆ పనికోటుది, దాన్ని అనాలి. నిన్న ఫోన్ చేసి, అక్కా ఒక బండి నచ్చింది, నువ్వొచ్చి ఒకసారి చూడవే అని అడిగితే, "పొట్టోడా, నీకింకా ఆ పిచ్చి వదల్లేదురా!" అని పడీపడీ నవ్వింది, ఆరడుగుల మనిషిని ఇప్పటికీ పొట్టోడా అనే పిలుస్తుంది, నవ్వాక మాత్రం షాపుకి ఒక పూట సెలవు పెట్టేసింది. పొద్దున వీధి చివర కారెక్కించుకున్నప్పుడు ఎంత బాగుంది, తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, ఆ ఇస్త్రీ నలుగుతుందని సీటుకి వీపు ఆనించకుండా నిటారుగా కూర్చుని. అలాగే లోపలికి వచ్చుంటే మేనేజరు అమ్మా అని కుర్చీ వేసేవాడు, అడిగేవాడే కాదు, అడక్కపోతే ఈ ఆఁ పుట్టేదే కాదు. ఇక్కడికొచ్చాక సంచిలోంచి ఆ నీలం పనికోటు తీసి తొడుక్కుంది, మంచి బట్టలు మాసిపోతాయని. వీపు మీద షాపు పేరు ఇంతింత అక్షరాల్లో, జేబు దగ్గర జిగురు మరకలు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కోటు మీద పడ్డాడు డాక్టరు. అయినా తను చెప్పిందాంట్లో పూర్తి అబద్ధం ఏముంది? పోయినేడు క్లినిక్కులో పేషెంట్లు కూర్చునే కుర్చీలన్నిటికీ కొత్త తొడుగులు కుట్టింది అక్క, రెండు ఆదివారాలు నేల మీద కూర్చుని కుట్టింది, అంటే తన దగ్గర పనిచేసినట్టేగా? చేతిలో డబ్బు పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చింది కూడా. అదిగో, అక్కడే తేడా వచ్చేస్తోంది, డబ్బు తీసుకుని ఉంటే ఎంత బాగుండేది, ఇప్పుడు పనికొచ్చేది. ఎక్కడిదాకా వెళ్ళాడో చూసుకుని తనే ఆగాడు. వెళ్ళి చెప్పెయ్, ఇప్పుడైనా లే, తలుపు దాకా పదడుగులు, మేనేజరుగారూ పొరపాటున అన్నానండీ, ఆవిడ మా అక్కండీ. పొరపాటున అంటే? అక్కని పొరపాటున పనిమనిషి అంటారా ఎవరైనా? నాలిక తడబడింది అనొచ్చు. ఆఁ అనడానికి నాలికతో పనేముంది, అది కూడా పళ్ళ డాక్టరుకే బాగా తెలుసు. కాఫీ అయ్యాక లేద్దాం.

అద్దం అవతల అక్క డ్రైవరు సీటు వెనక్కి వంచి దాని అంచు మీద వేలు నడుపుతోంది, కళ్ళు మూసుకుంది, కుట్టు చూడాల్సొస్తే ఎప్పుడూ కళ్ళు మూసుకుంటుంది. చిన్నప్పుడు అక్క సీట్లు కుట్టే షాపులో విప్పేసిన కారు సీట్లు వరసగా నేల మీద పడి ఉండేవి, స్పాంజి బయటికొచ్చి, స్ప్రింగులు తేలి. అమ్మ మంచాన పడ్డాక పదిహేడేళ్ళకే అక్క ఆ షాపులో చేరింది, ఇతనికప్పుడు ఎనిమిది. బడి వదలగానే అక్కడికే, ఏదో ఒక సీటు ఎక్కి కూర్చుని, గిన్నె మూత రెండు చేతులా పట్టుకుని బుర్రు బుర్రు అంటూ ఎక్కడికెక్కడికో వెళ్ళిపోయేవాడు, అక్క మిషను తొక్కుతూనే, "నెమ్మదిరా పొట్టోడా, మలుపొచ్చింది!" అని అరిచేది. తోలు వాసన, జిగురు వాసన, మైనం పట్టిన దారం వాసన. తర్వాత పెద్ద చదువుకి ఊరు దాటి వెళ్ళినా ఎవరి కారు ఎక్కినా ముందుగా సీటు వాసన చూసేవాడు. ఒకసారి షాపుకి ఒక వెండి రంగు బండి వచ్చింది, ఇదిగో ఇలాంటిదే, రెండు తలుపులది. సీట్లన్నీ బిగించేసి బండి యజమాని కోసం ఎదురుచూస్తున్నారు. అక్క అటూ ఇటూ చూసి, చెప్పులు విప్పించి, పాదాలు తన గుడ్డతో తుడిచి, ఎక్కించింది. నిజం స్టీరింగు. రెండు నిమిషాలు కూడా అయ్యుండదు, యజమాని రానే వచ్చాడు, వీడెవడు నా బండిలో అని గుడ్లురిమాడు, షాపు ఓనరు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. అక్క తల దించలేదు. "మా తమ్ముడండీ. నేనే ఎక్కించాను. పెద్దయ్యాక ఇలాంటిది కొంటాడు, చూడండి" అంది, నోటినిండా, ఆ బండి తన తమ్ముడి పేరు మీద అప్పుడే రాసేసినట్టు. ఆ నెల్లో మంచి పనులన్నీ పక్కవాళ్ళకి ఇచ్చేశాడు ఓనరు, పాత సీట్ల దుమ్ము దులిపే పని ఆవిడకి మిగిల్చాడు. ఇంటికొచ్చి దగ్గుతూ కూడా నవ్వేది. అంత కోపంగా ఉన్న మనిషి ముందు, ఉద్యోగం పోతుందని తెలిసీ మా తమ్ముడండీ అన్నదావిడ. కప్పు సాసరు చేతికిచ్చి సార్ అంటున్న మనిషి ముందు, పోయేది ఏదీ లేకుండా, ఆఁ అన్నవాడు ఇతను.

పోనీ ఇవాళే మొదలా అంటే, అదైనా కాదు. కాలేజీ హాస్టలుకి అక్క వచ్చినప్పుడల్లా గేటు దగ్గరికే పరిగెత్తుకెళ్ళేవాడు, అబ్బ ఎంత ప్రేమో అనుకునేది పాపం, లోపలికి రానివ్వకూడదని పరుగు. క్లినిక్కు తెరిచిన రోజు, ముందు గదిలో జనం ఎక్కువగా ఉన్నారు అక్కా, లోపల చల్లగా ఉంటుంది అని మందుల గదిలో కూర్చోబెట్టాడు, నిజంగానే చల్లగా ఉందిరా అని రెండు గంటలు ఒక్కతే కూర్చుంది. భార్య తరపువాళ్ళు అడిగితే, మా అక్కది కార్ ఇంటీరియర్స్ బిజినెస్ అండీ అని చెప్పాడు, ఆ మాట విని అక్క తనే పకపకా నవ్వి, "అవునండీ, పెద్ద బిజినెస్, సూదీ దారం పెట్టుబడి" అంది, అందరూ జోకు అనుకున్నారు. ఇన్నిసార్లు. అన్నీ చిన్నచిన్నవే, ఒక్కోటి ఒక్కోసారి పిప్పి పన్నులో నొప్పి లేని మచ్చ లాంటిదే, పేషెంట్లకి ఎన్నిసార్లు చెప్పుంటాడు, నొప్పి లేదని ఊరుకోకండి అని. అక్కకి అవన్నీ తెలిసే ఊరుకుందా? తెలియకనా? తెలిసి నవ్విందంటే ఆ నవ్వు ఏమిటి? గోళ్ళు కొరుక్కుంటున్నానని గుర్తొచ్చి చెయ్యి కిందికి దించాడు. ఫోన్ మోగింది, భార్య దగ్గర్నుంచి మెసేజ్, వదినగారు ఏమన్నారు, బండి బాగుందన్నారా. వదినగారు. చూడు, భార్యకి నోరెంత సులువుగా తిరిగిందో.

అక్క ఇప్పుడు సీటు బెల్టు లాగుతోంది. చివరిదాకా, ఇంక రానంత వరకూ లాగి, ఆ చివర టార్చి వేసి చూస్తోంది. పాత బండి కొనేవాళ్ళకి ఆవిడ చెప్పే మొదటి మాట అదే. నీళ్ళలో మునిగిన బండికి కార్పెట్లు కడుగుతారు, సీట్లు ఆరబెడతారు, సెంటు కొడతారు, బెల్టు లోపలి చుట్టని మాత్రం ఎవడూ కడగడు అంటుంది. ఇంకోటి కూడా అంటుంది. పోయిన నెల ఇంట్లో భోజనాల దగ్గర, కుడిపక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకుని, నవ్వుతూ చెప్పిన మాట, ఇప్పుడు గుర్తురాకపోయినా బాగుండేది, వచ్చింది. "అమ్మేవాడు ముందు బండిని తుడవడురా, కొనేవాడి వెంట వచ్చిన మనిషిని చూస్తాడు. చుట్టమైతే కూల్‌డ్రింకు ఇస్తాడు. కూలికి వచ్చినవాడైతే కవర్లో డబ్బు పెట్టిస్తాడు, బండి బాగుందని చెప్పమని. నేను ఏ బండి దగ్గరికెళ్ళినా ఏదిచ్చారో చూసుకుంటే నన్నెవరు తీసుకెళ్ళారో తెలిసిపోతుంది." ఆ మాట గుర్తొచ్చేసరికి డాక్టరు సోఫాలోంచి సగం లేచాడు. మేనేజరు అప్పటికే బండి దగ్గర ఉన్నాడు. ఇటు వీపు పెట్టి, కాస్త వంగి, ఏదో చెబుతున్నాడు అక్కకి, కోటు లోపలి జేబులోంచి తెల్లగా మడత కాగితమంత తీసి, చుట్టూ చూసి, నేల మీదున్న ఆవిడ సంచి నోట్లో వేసేశాడు. ఎంత నేర్పుగా వేశాడు, ఎన్ని సంచుల్లో వేసుంటాడో. లే. పరిగెత్తు. కేకెయ్. కాళ్ళు సోఫాలోంచి రాలేదు. అయిపోయింది, ఇంక ఏ చెవైతే ఏంటి, ఎడమైతే ఏంటి కుడైతే ఏంటి. అక్క సంచిలోకి చూసింది. తల ఎత్తి మేనేజరుని ఏదో ఒక్క మాట అడిగింది. వాడు నవ్వుతూ గడ్డంతో ఈ అద్దాల గది వైపు చూపించాడు. ఆవిడ ఇటు చూసింది. బయట వెలుతురెక్కువ, అద్దంలోంచి తను కనిపిస్తున్నాడో, ఆవిడ మొహమే ఆవిడకి కనిపిస్తోందో తెలీదు. తెలీదు గనక, ఏం చెయ్యాలో తోచక, ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తల ఊపాడు. ఎవరూ లేని ఫోన్లోకి. భూమి చీలిపోయి లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది, మెత్తటి సోఫా మాత్రం ఇంకో అంగుళం దించింది.

తలుపు తెరుచుకుంది. ముందు మేనేజరు, వెనక అక్క. గుమ్మం దగ్గరున్న పట్టా మీద రెండు పాదాలూ రెండేసిసార్లు తుడుచుకుంది, లోపలికి ఒక్క అడుగు వేసి, అక్కడే నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"సార్" అంది.

మేనేజరుతో అనుకుని డాక్టరు అతని వైపు చూశాడు. అతను తన వైపు చూస్తున్నాడు. అక్కా తనవైపే చూస్తోంది.

"బండి నీళ్ళలో మునిగింది సార్. సీటు సగం దాకా వచ్చాయి నీళ్ళు. డ్రైవరు సీటు విప్పి మళ్ళీ కుట్టారు, అది కంపెనీ కుట్టు కాదు. బెల్టు చివర మట్టి గీత అలాగే ఉంది. పైకి ఇప్పుడు బాగానే కనిపిస్తుంది గానీ, లోపల తీగలన్నీ కుళ్ళుతుంటాయి, నడిరోడ్డు మీద ఆగిపోతుంది. తీసుకోవద్దు సార్." గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, ముప్పయ్యేళ్ళుగా ఎంతోమంది బండి కొనేవాళ్ళకి చెప్పినట్టే చెప్పింది. సంచిలోంచి కవరు తీసి మేనేజరు చేతిలో పెట్టింది. "ఇది నా సంచిలో పడింది బాబూ. మీదే అయ్యుంటుంది." మేనేజరు మొహంలో కత్తి వేటుకి నెత్తురు చుక్క లేదు. అప్పుడు లేచాడు డాక్టరు. ఎలా లేచాడో, కప్పు తన్నుకుని సాసరులో కాఫీ ఒలికింది, బిస్కట్టు నానిపోయింది.

"మేనేజరుగారూ, ఈవిడ మా అక్కండీ. సొంత అక్క. నా తోడబుట్టింది. నన్ను పెంచింది ఈవిడే. ఇందాక మీరు అడిగితే నేనే... సిగ్గులేక ఆఁ అన్నాను. తప్పు నాది."

అనేశాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అబ్బ, ఎంత తేలిక, ఇంత తేలికైన పనికి ముప్పావుగంట పట్టిందా అనుకున్నాడు, ఇంక అక్క ఏడుస్తుంది, తనూ ఏడుస్తాడు, మేనేజరు అయ్యో అంటాడు. మేనేజరు నిజంగానే అయ్యో అనబోయి, నోరు తెరిచి, అక్క వైపు తిరిగాడు. అక్క నవ్వింది.

"సార్ మనసు అలాంటిది బాబూ" అంది. "కింద పనిచేసేవాళ్ళని కూడా ఇంట్లోవాళ్ళ కింద లెక్కేస్తారు. నన్నేమైనా చిన్నచూపు చూశారేమోనని అలా అన్నారు, అంతే."

మేనేజరు నీలం కోటు వైపు చూశాడు, జిగురు మరకల వైపు చూశాడు, డాక్టరు చేతి గడియారం వైపు, మెరిసే బూట్ల వైపు చూశాడు. ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. మొహంలోకి మళ్ళీ రంగొచ్చింది. డాక్టరు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. "ఈ రోజుల్లో పనివాళ్ళ గురించి ఇలా మాట్లాడేవాళ్ళు ఎక్కడున్నారు సార్, నేనైతే ఎప్పుడూ చూళ్ళేదు. ఇంత నమ్మకమైన మనిషి దొరకడం కూడా అదృష్టమే. వదులుకోకండి సార్." ఆ మాటల్లో ఒక్కటంటే ఒక్కటి వెటకారం లేదు, నిజంగానే మెచ్చుకుంటున్నాడు. కాదండీ, నిజంగా, నిజంగా మా అక్కండీ అంటున్నాడు డాక్టరు, అంటున్నకొద్దీ అతను ఇంకా గౌరవంగా తల ఊపుతున్నాడు. చెయ్యి విడిపించుకుని చూసేసరికి గుమ్మం దగ్గర పట్టా ఒక్కటే ఉంది.

బస్టాపులో ఒక్కతే నిలబడి ఉంది. కోటు విప్పి సంచిలో పెట్టేసింది, మళ్ళీ పొద్దుటి ఇస్త్రీ బట్టల్లో ఉంది, మోకాళ్ళ దగ్గర మాత్రం నలిగాయి. హారన్లు మోగుతున్నా చూడకుండా రోడ్డు దాటాడు డాక్టరు. దాటుతున్నంతసేపూ తనకి తనే చెప్పుకుంటున్నాడు, నాటకం ఆడింది, అక్క సంగతి నాకు తెలీదా, నలుగురి ముందు నాకు బుద్ధి చెప్పాలని ఆడింది, బాగా చెప్పింది, ఇంక ఎవరూ లేరుగా, వెధవా అంటుంది, నెత్తి మీద ఒక్కటి పీకుతుంది, అయిపోతుంది. చిన్నప్పుడు అద్దం పగలగొట్టినా, సూదుల డబ్బా పారబోసినా, ఒక్కటి పీకేది, అంతటితో సరి, అన్నం తినే వేళకి మళ్ళీ పొట్టోడే. ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆరడుగుల మనిషి మెడ వంచి, ఆవిడకి అందేలా తల దించాడు.

"కొట్టవే అక్కా. రెండు పీకు. నా బుద్ధి గడ్డి తింది. పద, కారెక్కు, ఇంటికెళ్దాం."

దించిన తలకి ఆవిడ చెప్పులు, నలిగిన బట్టల అంచు, సంచి పట్టుకున్న చెయ్యి కనిపిస్తున్నాయి, చూపుడు వేలి గోరు సూది పోట్లకి నల్లబడిపోయిన చెయ్యి. ఆ చెయ్యి లేస్తుందని చూశాడు. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మారింది.

"మీరు వెళ్ళండి" అంది అక్క. "ఎండగా ఉంది. ఆ బండి మాత్రం వాడెంత తగ్గించి ఇస్తానన్నా కొనకండి. మీ పిల్లలు ఎక్కుతారు."

డాక్టరు తలెత్తి అటూ ఇటూ చూశాడు. చుట్టుపక్కల వినేవాళ్ళు ఎవరూ లేరు.